భాషకు పని కల్పించిన నాయకుడు – రెనే లెవెక్

మాంట్రియల్ చూసినవాళ్ళకి రెనే లెవెక్ బూలెవార్ తెలిసే ఉంటుంది. ఊరి నడిబొడ్డున తూర్పు పడమరలుగా సాగే పెద్ద రోడ్డు. హైడ్రో క్విబెక్ ప్రధాన కార్యాలయం దాని మీదే ఉంది. పడమటి వైపు కొంత దూరం వెళ్ళి వెస్ట్‌మౌంట్ పొలిమేర దాటగానే ఆ రోడ్డు పేరు డార్చెస్టర్‌గా మారిపోతుంది. ఒకప్పుడు రోడ్డు పొడుగునా అదే పేరు, ఒక బ్రిటిష్ గవర్నరుది. 1987లో లెవెక్ చనిపోయాక మాంట్రియల్ నగరం ఆ పేరు తీసి ఆయన పేరు పెట్టింది. ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్‌మౌంట్ పాత పేరే ఉంచుకుంది. ఒకే రోడ్డుకి రెండు పేర్లు. క్విబెక్ కథంతా ఆ రెండు బోర్డుల మధ్య ఉందంటే అతిశయోక్తి కాదు.

ఆ రోడ్డుతో నా పరిచయం 2009 చలికాలంలో మొదలైంది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నేళ్ళు ప్రోగ్రాములు రాసి, క్విబెక్ వాళ్ళు ఇచ్చిన ఎంపిక పత్రంతో మాంట్రియల్‌లో దిగాను. అక్కడి ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ. టెక్నికల్ ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పాను. చివర్లో ఒకావిడ నవ్వుతూ ఫ్రెంచిలో ఏదో అడిగింది. హైదరాబాదులో నేర్చుకున్న ఫ్రెంచి రెండు వాక్యాలకే అయిపోయింది. ఉద్యోగం రాలేదు. బయటికొచ్చి మంచులో నిలబడి, ఎదురుగా ఉన్న బోర్డు మీద పేరు చదివి, ఈ భాష గొడవ తెచ్చిపెట్టిన మహానుభావుడు ఈయనేనా అని మనసులో నాలుగు మాటలు అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత వేరే చోట ఉద్యోగం దొరికింది. మా పక్క సీటులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవారు. నా ఇంటర్వ్యూ కథ విని ఆయన ఒకటే మాట అన్నారు: "మా నాన్న సొంత ఊళ్ళో, సొంత ఫ్యాక్టరీలో ఒకరోజు సెలవు కావాలంటే ఇంగ్లీషులో అడగాల్సి వచ్చేది. రాకపోతే సెలవు లేదు." ఆ మాట విన్నాక లెవెక్ గురించి చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు చదివాక అర్థమైన సంగతిని ఈ మహాసభలకు వచ్చిన మీ అందరితో పంచుకోవాలని ఈ వ్యాసం.

గాస్పే కుర్రవాడు

రెనే లెవెక్ 1922 ఆగస్టు 24న పుట్టాడు. పెరిగింది క్విబెక్ తూర్పు కొసన, గాస్పే ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న న్యూ కార్లైల్ అనే చిన్న ఊళ్ళో. తండ్రి ప్లీడరు. ఊళ్ళో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళూ వాళ్ళే. అందువల్ల చిన్నప్పుడే రెండు భాషలూ వచ్చేశాయి. పద్నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తర్వాత క్విబెక్ నగరంలో లా చదువులో చేరి, పూర్తి చేయకుండానే వదిలేశాడు. 1944లో అమెరికా ప్రభుత్వ యుద్ధ సమాచార విభాగంలో చేరి ఐరోపా వెళ్ళాడు. 1945లో డాఖావ్ నిర్బంధ శిబిరంలోకి వెళ్ళిన మొదటి విలేఖరుల్లో ఆయన ఒకడు. జాతి పేరు చెప్పి మనుషులు ఎంతకు దిగజారగలరో కళ్ళారా చూశాడు. తర్వాత జాతీయవాది అయినా, ద్వేషం నూరిపోసేవాళ్ళంటే ఆయనకి జీవితాంతం గిట్టలేదు.

తెర మీద మాస్టారు

యుద్ధం అయ్యాక రేడియో కెనడాలో చేరాడు. 1956 నుంచి 1959 దాకా టీవీలో ఆయన నడిపిన 'పొయెఁ ద మీర్' కార్యక్రమం క్విబెక్‌లో ఇంటింటికీ ఆయన్ని పరిచయం చేసింది. పొట్టి మనిషి, పలచబడ్డ జుట్టు, గరగరమనే గొంతు, వేళ్ళ మధ్య ఎప్పుడూ సిగరెట్టు. నల్లబల్ల, ప్రపంచ పటం, చేతిలో బెత్తం. సూయెజ్ కాలువ గొడవని కూడా పక్కింటి గట్టు తగాదాలా విడమర్చి చెప్పేవాడు.

1958 డిసెంబరు చివర్లో రేడియో కెనడా ఫ్రెంచి విభాగంలో ప్రొడ్యూసర్లు సమ్మె చేశారు. 69 రోజులు ఫ్రెంచి టీవీ కుంటుపడినా ఆటవాలో చలనం లేదు. ఇదే సమ్మె ఇంగ్లీషు టీవీలో వచ్చి ఉంటే అరగంటలో పరిష్కారం దొరికేది కదా అన్న అనుమానం లెవెక్ మనసులో ముల్లులా దిగింది. సమ్మె ముగిసేసరికి ఆయన మరో మనిషి.

కరెంటు కథ

ఆ రోజుల్లో క్విబెక్ పరిస్థితి ఇదీ. జనాభాలో పదింట ఎనిమిది మంది ఫ్రెంచివాళ్ళు. డబ్బు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు మాత్రం ఇంగ్లీషువాళ్ళవి. 1961 జనాభా లెక్కల్ని పరిశీలించిన ఫెడరల్ కమిషన్, క్విబెక్‌లో మగవారి సంపాదన ప్రకారం 14 జాతుల జాబితా వేస్తే ఫ్రెంచివాళ్ళది 12వ స్థానం అని తేల్చింది. సొంత గడ్డ మీద అట్టడుగు నుంచి మూడో మెట్టు!

1960 జూన్‌లో జాఁ లెసాజ్ నాయకత్వంలో లిబరల్ పార్టీ గెలిచింది. లెవెక్ ఆ పార్టీ తరఫున మాంట్రియల్‌లో కేవలం 129 ఓట్ల మెజారిటీతో బయటపడి మంత్రి అయ్యాడు. జలవనరులు ఆయన చేతికొచ్చాయి. అప్పటికి హైడ్రో క్విబెక్ ఉన్నా అది ముఖ్యంగా మాంట్రియల్‌కే పరిమితం. మిగతా ప్రాంతమంతా ప్రైవేటు కంపెనీల చేతుల్లో. ఒక్కొక్క చోట ఒక్కొక్క రేటు. ఆయన పెరిగిన గాస్పే వాసి మాంట్రియల్ వాడికంటే చాలా ఎక్కువ చెల్లించాలి. ఇంజనీర్లకి నవ్వొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. అబిటిబి ప్రాంతంలో కరెంటు 25 హెర్ట్జ్, మిగతా చోట్ల 60 హెర్ట్జ్!

లెవెక్ మళ్ళీ నల్లబల్ల తీశాడు. ఊరూరా తిరిగి పటాలు గీసి, కంపెనీల లెక్కలు విప్పి, కరెంటు మొత్తం ప్రజల చేతికి ఎందుకు రావాలో పాఠం చెప్పాడు. 1962 నవంబరు 14న ఆ ఒక్క అంశం మీదే లిబరల్ ప్రభుత్వం ఎన్నికలకు వెళ్ళింది. 'మన ఇంటికి మనమే యజమానులం' అన్నది నినాదం. గెలిచారు. 1963 మే 1న పదకొండు ప్రైవేటు కంపెనీలు హైడ్రో క్విబెక్ చేతికి వచ్చాయి. ఖర్చు సుమారు 60 కోట్ల డాలర్లు. మాంట్రియల్ దొరల బ్యాంకుల దయ కోసం చూడకుండా న్యూయార్క్ వెళ్ళి 30 కోట్లు అప్పు తెచ్చారు.

ఇక్కడే నా వ్యాసానికి ప్రాణమైన విషయం ఉంది. అంతకుముందు పెద్ద ఇంజనీరింగ్ పనులంటే ఇంగ్లీషులోనే. హైడ్రో క్విబెక్ పెరిగేకొద్దీ డ్రాయింగులు, లెక్కలు, సైటు మీద కేకలు అన్నీ ఫ్రెంచిలోకి వచ్చాయి. 1965లో ప్రపంచంలోనే మొదటి 735 కిలోవోల్టుల లైను ఉత్తరాన మానికూవగన్ ప్రాంతం నుంచి మాంట్రియల్ దాకా వేశారు. దాన్ని ఊహించినవాడు ఫ్రెంచి ఇంజనీరు జాఁ జాక్ ఆర్షాంబో. మన నాగార్జునసాగర్ లేస్తున్న రోజుల్లోనే అక్కడ మానిక్ 5 ఆనకట్ట లేచింది. ఎత్తు 214 మీటర్లు. 1968లో పూర్తయింది. దాన్ని కట్టిన పిల్లలు ఇంటికి వచ్చి అమ్మతో ఏ భాషలో మాట్లాడారో ఆ భాషలోనే కట్టారు. భాష గురించి పెద్ద చట్టాలేవీ రాకముందే భాషకు ఉద్యోగం వచ్చింది.

ఓటమి మీద ఓటమి

1966లో లిబరల్స్ ఓడిపోయారు. సొంత పార్టీకి లెవెక్ ఒక ప్రతిపాదన పెట్టాడు: క్విబెక్ ప్రత్యేక దేశం కావాలి, కెనడాతో ఆర్థిక భాగస్వామ్యం ఉండాలి. 1967 అక్టోబరు మహాసభలో అది నెగ్గదని తేలిపోగానే లేచి బయటికి నడిచాడు. ఏడాది తిరిగేసరికి, 1968 అక్టోబరులో, 'పార్తీ కెబెక్వా' పుట్టింది.

1970 ఎన్నికల్లో ఆ పార్టీకి 23 శాతం ఓట్లు, 108లో 7 సీట్లు వచ్చాయి. అంతకంటే తక్కువ ఓట్లు వచ్చిన యూనియన్ నాసియొనాల్ పార్టీకి 17 సీట్లు! లెవెక్ తానే ఓడిపోయాడు. 1973లో ఓట్లు 30 శాతానికి పెరిగాయి, సీట్లు 6కి తగ్గాయి. లెవెక్ మళ్ళీ ఓడాడు. ఆరేళ్ళ పాటు సభలో చోటు లేని నాయకుడు. పత్రికలకి కాలమ్స్ రాసుకుంటూ బతికాడు.

మధ్యలో 1970 అక్టోబరులో ఎఫ్.ఎల్.క్యూ. అనే తీవ్రవాద ముఠా బ్రిటిష్ దౌత్యాధికారిని, క్విబెక్ మంత్రి పియెర్ లాపోర్త్‌నీ ఎత్తుకుపోయింది. లాపోర్త్‌ని చంపేసింది. ఆటవా ప్రభుత్వం యుద్ధకాలపు చట్టం తెచ్చి వందలమందిని నిర్బంధించింది. స్వాతంత్ర్యం కావాలన్న ప్రతివాడినీ హంతకుడిలా చూసిన రోజులవి. లెవెక్ ఆ హత్యని గట్టిగా ఖండించాడు, ఆ నిర్బంధాలనీ అంత గట్టిగానే ఖండించాడు. ఓటు తప్ప వేరే దారి లేదని తన పార్టీలోని ఆవేశపరులకి చెబుతూనే వచ్చాడు. చేతిలో ఒక్క పదవీ లేని రోజుల్లో ఆ మాట మీద నిలబడటం తేలిక కాదు.

గెలిచాక చేసినవి

1976 నవంబరు 15న, ఎవరూ ఊహించనట్టు, 110 సీట్లలో 71 గెలిచి లెవెక్ ప్రీమియర్ అయ్యాడు. 'ముందు మంచి పాలన, స్వాతంత్ర్యం సంగతి తర్వాత ప్రజాభిప్రాయ సేకరణలో తేల్చుకుందాం' అన్నది ఆయన ఇచ్చిన మాట.

1977లో ఎన్నికల విరాళాల చట్టం తెచ్చాడు. కంపెనీలూ యూనియన్లూ పార్టీలకి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఓటు హక్కు ఉన్న మనిషి మాత్రమే ఇవ్వాలి, అదీ ఏడాదికి 3000 డాలర్లు దాటకుండా. తన పాలనలో దేని గురించి గర్వపడతావని అడిగితే లెవెక్ ముందు చెప్పే పేరు ఈ చట్టానిదే. వ్యవసాయ భూముల్ని రియల్ ఎస్టేటు పాలు కాకుండా కాపాడే చట్టం 1978లో వచ్చింది. మన ఊళ్ళ చుట్టూ మాగాణి ప్లాట్లుగా మారడం చూసినవాళ్ళకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక అందరూ ఎరిగిన 101వ చట్టం. 1977 ఆగస్టు 26. దాన్ని రాసి ముందుకు నడిపినవాడు కామిల్ లోరాఁ అనే మంత్రి, వృత్తిరీత్యా మానసిక వైద్యుడు. 50 మంది, ఆ పైన పనిచేసే సంస్థల్లో పనిభాష ఫ్రెంచి. బోర్డులు ఫ్రెంచిలో. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే వెళ్ళాలి. ఇంత కఠినమైన చట్టం అంటే లెవెక్‌కే ఇబ్బందిగా ఉండేది. మన భాషని మనం మాట్లాడుకోవడానికి చట్టం కావలసి రావడమే అవమానం అని ఆయన భావన. అయినా సంతకం పెట్టాడు. కారణం లెక్కల్లో ఉంది. 1970ల మొదట్లో వలస వచ్చినవారి పిల్లల్లో పదింట ఎనిమిది మందికి పైగా ఇంగ్లీషు బడుల్లో చేరేవారు. ఫ్రెంచివాళ్ళకి పుట్టేవాళ్ళు తగ్గారు, వచ్చేవాళ్ళంతా ఇంగ్లీషు వైపు. ఇంకో రెండు తరాలు అలాగే సాగితే మాంట్రియల్ ఏమయ్యేదో లెక్క కట్టడానికి కంప్యూటరు అక్కర్లేదు.

దీనికి చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. కొద్ది సంవత్సరాల్లోనే లక్షకు పైగా ఇంగ్లీషువాళ్ళు క్విబెక్ వదిలిపోయారు. 1978లో సన్ లైఫ్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని టొరాంటోకి మారుస్తున్నట్టు ప్రకటించింది. ఈ రోజు టొరాంటోలో ఇన్ని ఆఫీసులు, వాటిలో ఇంతమంది మన తెలుగువాళ్ళు ఉండటానికి అనేక కారణాల్లో ఇదీ ఒకటి.

నా ఫైలు వెనకాల ఉన్న సంతకం

1978 ఫిబ్రవరిలో క్విబెక్ మంత్రి కూత్యూర్, ఫెడరల్ మంత్రి కలెన్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. తన గడ్డ మీదికి రాదలచిన ఉద్యోగార్థుల్ని తానే, తన సొంత పాయింట్ల పద్ధతిలో ఎంచుకునే అధికారం క్విబెక్‌కి వచ్చింది. చదువుకి ఇన్ని, వయసుకి ఇన్ని, ఫ్రెంచికి ఇన్ని. 1991 ఒప్పందంతో ఆ అధికారం ఇంకా గట్టిపడింది.

ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నేను హైదరాబాదులో నింపిన ఫారాలు, నా చేతికొచ్చిన ఎంపిక పత్రం అన్నీ ఆ ఒప్పందం సంతానమే. మంచులో నిలబడి నేను తిట్టుకున్న మనిషి నాకు తలుపు వేసినవాడు కాదు, తలుపు పెట్టించినవాడు. లోపలికి రా, మా భాష నేర్చుకో అన్నాడు, అంతే.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా ముందు ఫ్రెంచి కీబోర్డు పెట్టారు. స్లాష్ ఉండవలసిన చోట 'ఎ' మీద కొమ్ము పెట్టిన అక్షరం. ప్రోగ్రాములు రాసేవాడికి స్లాష్ దొరకకపోతే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు! విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. పదేళ్ళు హైదరాబాదులో కంప్యూటర్ల మీద బతికినవాణ్ణి, ఒక్కరోజైనా తెలుగు కీబోర్డు కావాలని ఆఫీసులో అడిగానా?

'కాదు' అన్న రాత్రి

1980 మే 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్వాతంత్ర్యం కోసం కెనడాతో చర్చలు జరపడానికి అనుమతి ఇవ్వండి అని లెవెక్ అడిగాడు. 85 శాతానికి పైగా జనం వచ్చి ఓటేశారు. దాదాపు 60 శాతం 'కాదు' అన్నారు. పన్నెండేళ్ళ పార్టీ, ఇరవయ్యేళ్ళ రాజకీయం ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఏడుస్తున్న కార్యకర్తల ముందుకు వచ్చి, ఫెడరల్ ప్రభుత్వం గుమ్మరించిన డబ్బు మీద కోపం దాచుకోకుండానే, తీర్పుని ఒప్పుకున్నాడు. మీరు నాతో అంటున్నది 'మరోసారి చూద్దాం' అని కాబోలు అన్నాడు. 1995లో రెండోసారి 50.58 శాతంతో 'కాదు' గెలిచినప్పుడు అప్పటి ప్రీమియర్ పారిజో, డబ్బూ వలసజాతుల ఓట్లూ మమ్మల్ని ఓడించాయని అన్నాడు. ఆ మాట మనలాంటివాళ్ళకి ఈనాటికీ గుచ్చుకుంటుంది. లెవెక్ నోటి వెంట అలాంటి మాట రాలేదు.

ఓడించిన జనమే 1981 ఏప్రిల్‌లో 122 సీట్లలో 80 ఇచ్చి మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టారు. కానీ ఆ నవంబరులో రాజ్యాంగ చర్చల దగ్గర పెద్ద దెబ్బ తగిలింది. ట్రూడో ప్రతిపాదనని ఎనిమిది ప్రావిన్సులు కలిసి ఎదిరిస్తున్నాయి, అందులో క్విబెక్ ఒకటి. నవంబరు 4 రాత్రి లెవెక్ నది అవతల హల్‌లో నిద్రపోతుండగా మిగతావాళ్ళు ఆటవాలో రాజీపడిపోయారు. తెల్లవారి టిఫిను వేళకి ఆయనకి ఆ కబురు తెలిసింది. 1982 ఏప్రిల్ 17న రాణి సంతకంతో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఈ రోజుకీ దాని మీద క్విబెక్ సంతకం లేదు.

ఆ తర్వాత అన్నీ దిగుడుమెట్లే. ఆర్థిక మాంద్యంలో 1983 మొదట్లో టీచర్ల, ప్రభుత్వోద్యోగుల జీతాల్ని మూడు నెలలపాటు 20 శాతం వరకూ కోశాడు. తనని మోసినవాళ్ళనే దూరం చేసుకున్నాడు. 1984లో ఆటవాతో మళ్ళీ రాజీప్రయత్నం చేద్దామనేసరికి పారిజో, లోరాఁ సహా పలువురు మంత్రులు రాజీనామా చేశారు. 1985 మార్చిలో మాత్రం, ఆదివాసీ జాతుల్ని జాతులుగా గుర్తిస్తూ సభ చేత తీర్మానం చేయించాడు. తనకి కోరుకున్న గుర్తింపు తనకంటే ముందునుంచీ ఆ గడ్డ మీద ఉన్నవాళ్ళకీ ఇవ్వాలి కదా. ఆ జూన్‌లో పార్టీ నాయకత్వం వదిలేశాడు. 1987 నవంబరు 1న గుండెపోటుతో పోయాడు. మనకి ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కాబట్టి నాకు ఆ తేదీ మరచిపోవడం కుదరదు.

రామారావు గారూ, లెవెకూ

తెలుగువాడికి ఈ కథ వింటుంటే ఎన్.టి. రామారావు గారు గుర్తుకురాకుండా ఉండరు. 1923 మే 28న పుట్టారు, లెవెక్ కంటే తొమ్మిది నెలలు చిన్న. ఇద్దరినీ జనం ముందు తెర మీదే చూశారు. ఇద్దరూ ఆత్మగౌరవం అన్న మాట మీద పార్టీ పెట్టారు. లెవెక్‌కి ఎనిమిదేళ్ళు పట్టింది. రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో గెలిచారు. 1981లో హల్‌లో జరిగినట్టే, 1984 ఆగస్టులో కేంద్రం అండతో ఇక్కడా గద్దె లాగేశారు, నెలరోజుల్లో జనం తిరిగి ఇప్పించారు. చివరికి ఇద్దరికీ దెబ్బ తగిలింది ప్రత్యర్థుల వల్ల కాదు, సొంత పార్టీ వల్లే.

ఒక్క తేడా మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. మనం భాష పేరు మీద ప్రాణాలిచ్చినవాళ్ళం. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి అమరులయ్యారు. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. భాష పేరిట రాష్ట్రం వచ్చింది, పండగలు వచ్చాయి, విగ్రహాలు వచ్చాయి. కానీ ఇంజనీరింగ్ డ్రాయింగు మీదికి, బ్యాంకు కాగితం మీదికి, ఉద్యోగపు ఇంటర్వ్యూలోకి తెలుగు రాలేదు. భాషకి దండలు వేశాం, పని ఇవ్వలేదు. క్విబెక్ వాళ్ళు ముందు పని ఇచ్చారు. దేశం రాలేదు, భాష మిగిలింది. మనకి రాష్ట్రం వచ్చింది. భాష సంగతి మన పిల్లల్ని అడిగితే తెలుస్తుంది.

మన సంగతి

మా అమ్మాయి మాంట్రియల్‌లోనే పుట్టింది. బడిలో ఫ్రెంచి, స్నేహితులతో ఇంగ్లీషు. ఆదివారం తెలుగు బడికి పంపితే 'దేనికి నాన్నా?' అని అడిగింది. సంస్కృతి, వారసత్వం అని ఏదో చెప్పాను. తనకి ఎక్కలేదు. తప్పు తనది కాదు. ఆ భాషతో తనకి చేయవలసిన పని ఏదీ నేను చూపించలేదు.

కెనడాలో తెలుగు కోసం 101వ చట్టం ఎవరూ తేరు, తేవలసిన అవసరమూ లేదు. మనకి మిగిలిన మంత్రిమండలి మన డైనింగ్ టేబులే. అందుకే మా ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. కాకినాడలో ఉన్న మా అమ్మ మందుల లెక్క మా అమ్మాయి చేతికి ఇచ్చాం. వారానికి రెండుసార్లు తనే ఫోన్ చేసి ఏ మాత్ర అయిపోయింది, బీపీ ఎంత ఉంది, డాక్టరు ఏమన్నాడు అని అడిగి కాగితం మీద తెలుగులో రాసుకోవాలి. అమ్మకి ఇంగ్లీషు రాదు. వేరే దారి లేదు. మొదట్లో 'బామ్మా, మాత్ర తిన్నారా?' అంటే మా అమ్మ నవ్వి 'వేసుకున్నానే, తినడానికి అదేమన్నా జంతికా?' అంది. ఇప్పుడు 'బామ్మా, వేసుకున్నావా లేదా, నిజం చెప్పు' అని దబాయిస్తోంది.

మహాసభల్లో పద్యాలు విందాం, కూచిపూడి చూద్దాం, గోంగూర తిందాం. అన్నీ కావలసినవే. ఇంటికి వెళ్ళాక మాత్రం ఒక్కొక్క పిల్లవాడికి తెలుగులో మాత్రమే జరిగే పని ఒకటి వెతికి అప్పజెబుదాం. నేనైతే ఈసారి ఆ బూలెవార్ మీద నడిచేటప్పుడు ఆ బోర్డు చూసి తిట్టుకోను.